చంకలో పిల్లితో పెళ్లికి: ఎక్స్ పెళ్లి మీద కామెడీ నాటిక రాసి ఆడించడం ఎలా

పెళ్లికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్లాడని సామెత. అది విన్నప్పుడల్లా నాకో అనుమానం. పెళ్లి మధ్యలో ఆ పిల్లి అరిస్తే వాడేం చేసుంటాడు? మొదటిసారి గట్టిగా దగ్గి ఉంటాడు. రెండోసారి పక్కావిడ ఒళ్లోని పసివాడి వైపు అనుమానంగా చూసి ఉంటాడు. మూడోసారి తనే "మ్యావ్" అని, గొంతు బాగాలేదండీ అని చెప్పుకొని ఉంటాడు. కామెడీ నాటిక అంటే ఇదే. దాచాల్సింది ఒకటి, దాన్ని దాచడానికి మనిషి పడే అవస్థలు మూడు.

ఎక్స్ పెళ్లికి వెళ్లిన మనిషి కథకి ఇంతకన్నా మంచి నమూనా నాకు దొరకలేదు. వాడి చంకలో ఉన్న పిల్లి పేరు "నాకేం లేదు". నిజానికి చాలా ఉంది. ఉందని హాలు మొత్తానికి తెలిసిపోతూ ఉంటుంది. తెలియలేదనుకునేది వాడొక్కడే. శృంగారాన్ని అనుకరిస్తే పుట్టేది హాస్యం అని నాట్యశాస్త్రం ఆరో అధ్యాయంలో భరతుడు అన్నాడు. మన హీరో ఇంకో మెట్టు కిందికి దిగి, శృంగారం లేనట్టు అనుకరిస్తున్నాడు. నాటిక మొత్తం ఈ నటన మీదే నడవాలి. పెళ్లిలో గందరగోళం, తప్పిపోయిన చెప్పులు, కరెంటు పోవడం లాంటివన్నీ తర్వాతి మాట.

కింద చెప్పే పద్ధతికి ఉదాహరణగా ఒకే కథని మొదటి నుంచి చివరి దాకా కట్టుకుంటూ వెళ్తాను. పాత్రలకి పేర్లు పెట్టను. మీరూ ఇప్పుడే పెట్టకండి. పేరు పెట్టగానే తెలిసిన మనిషి ముఖం గుర్తొస్తుంది, ఇక ఆ పాత్ర చేత వెధవ పనులు చేయించడానికి చెయ్యి రాదు.

మొదటి అడుగు: నవ్వు ఎవరి మీద?

ఇది తేల్చుకోకుండా కలం పట్టుకోవద్దు. ఈ తరహా కథల్లో ఎక్కువ భాగం పాడయ్యేది ఇక్కడే. పెళ్లికూతురిని మోసగత్తెగా, పెళ్లికొడుకుని తెలివితక్కువవాడిగా చూపిస్తే మొదటి పది నిమిషాలు చప్పట్లు పడతాయి. ఆ తర్వాత ప్రేక్షకుడికి విసుగొస్తుంది. ఆమె అంత చెడ్డదైతే, వాడు అంత మొద్దైతే, మన హీరో బాధపడటానికి ఏముంది? పీడ విరగడైందని ఇంటికెళ్లి పడుకోవచ్చు కదా.

అందుకని పెళ్లికొడుకుని మంచివాడిగా రాయండి. ఎంత మంచివాడైతే హీరోకి అంత నరకం. తిట్టుకోవడానికి కూడా ఏమీ దొరకని మనిషి ఎదురుగా నిలబడి "మీరు ఏమైనా తిన్నారా?" అని మనస్ఫూర్తిగా అడుగుతుంటే, కుళ్లుకోవాలని వచ్చినవాడి ముఖం చూడాలి.

ఇంకొక హద్దు ఉంది. హీరో పిలవని పెళ్లికి వచ్చి, ఏడ్చి, బతిమాలి, బెదిరించి పెళ్లి ఆపే రకమైతే అది కామెడీ కాదు. హాల్లో కూర్చున్న ఆడవాళ్లలో కొందరికి అలాంటివాడు అనుభవమే అయ్యుంటాడు, వాళ్లు నవ్వరు. అతన్ని పిలిచి ఉండాలి. పిలవడానికి ఒక కారణమూ ఉండాలి.

నవ్వు హీరో మీదే పడాలి, కానీ జాలితో పడాలి. ఇందుకు భరతుడు చెప్పిన ఆరు రకాల నవ్వులు బాగా పనికొస్తాయి: స్మితం, హసితం, విహసితం, ఉపహసితం, అపహసితం, అతిహసితం. పళ్లు కనబడని చిరునవ్వు స్మితం. ఐదోదైన అపహసితం దగ్గర ఆయనిచ్చిన వర్ణన చూడండి: సమయం కాని సమయంలో, కళ్లలో నీళ్లతో, తలా భుజాలూ ఊగిపోతూ నవ్వే నవ్వు. మన హీరోని ఎదురుగా కూర్చోబెట్టుకొని రాసినట్టే ఉంటుంది. తెర లేచినప్పుడు అతను స్మితంలో ఉంటాడు, ముక్కాలు నాటిక అయ్యేసరికి అపహసితంలోకి జారాలి. నటుడికి ఈ ఒక్క గీత గీసి ఇస్తే సగం దర్శకత్వం అయిపోయినట్టే.

రెండో అడుగు: వచ్చిన పని ఏమిటి?

"మనసు కుదుటపరుచుకోవడానికి వచ్చాడు" అని రాసుకుంటే నాటిక నడవదు. మనసు కుదుటపడటం వేదిక మీద కనబడదు. కనబడే పని, చేత్తో పట్టుకునే వస్తువు, ముంచుకొచ్చే గడువు కావాలి.

మన కథలో పెళ్లికూతురే అతనికి ఫోన్ చేసి అడిగింది: "పెళ్లికి రా. వచ్చేటప్పుడు నా ఉత్తరాలు తిరిగి పట్టుకురా." అతను ఒక పెట్టెలో పెట్టి, ఎవరికీ అనుమానం రాకుండా ఎర్ర గిఫ్ట్ కాగితం చుట్టి తెచ్చాడు. పది నిమిషాల్లో ఇచ్చేసి వెళ్లిపోదామని లెక్క. గుమ్మంలోనే ఎవరో చిరునవ్వుతో పెట్టె అందుకొని గిఫ్టుల గుట్టలో పెట్టేశారు. ఆ గుట్టలో ఎర్ర కాగితం చుట్టిన పెట్టెలు మరో రెండున్నాయి. గిఫ్టులు అందరి ముందూ వేదిక మీద విప్పుదామని పెళ్లికొడుకు తండ్రి అప్పుడే ప్రకటించాడు.

ఇదీ పిల్లి. ఇప్పుడు హీరోకి చెయ్యాల్సిన పని ఉంది, అడ్డంకి ఉంది, గడువూ ఉంది. మీ కథలో పిల్లి వేరే కావచ్చు. అద్దెకి తెచ్చుకున్న కొత్త ప్రేయసి కావచ్చు, తీసుకొస్తానని ఒప్పుకొని తేలేని పాటగాళ్లు కావచ్చు. ఏదైనా సరే, చివరి వరసలో కూర్చున్నవాడికి అది కనబడుతుందా అని ఒకసారి చూసుకోండి. ఫోన్‌లో మెసేజ్ సినిమాకి సరిపోతుంది. నాటకంలో దాన్ని ఎవరో ఒకరు పైకి చదవాల్సి వస్తుంది, చదివారా చచ్చామే.

మూడో అడుగు: పెళ్లిని తెర వెనక పెట్టండి

కొత్తగా రాసేవాళ్లు వేదిక మధ్యలో పెళ్లి మండపం వేసేస్తారు. దాంతో ముప్పై మంది నటులు కావాలి. ఆ ముప్పై మందీ ఏదో ఒకటి చేస్తూ ఉండాలి, వాళ్లు చేసే ప్రతి పనీ హీరో డైలాగ్ మీద నుంచి చూపు లాగేస్తుంది.

పెళ్లి పక్క హాల్లో జరగనివ్వండి. మన రంగం గిఫ్టులు పెట్టిన చిన్న గది. మూడు తలుపులు చాలు: ఒకటి పెళ్లి హాల్లోకి, ఒకటి పెళ్లికూతురి గదిలోకి, ఒకటి బయటికి. పెళ్లి సందడంతా శబ్దంగానే వస్తుంది. హాలు తలుపు తెరిచినప్పుడు హోరు పెరగాలి, మూసినప్పుడు తగ్గాలి. ఈ ఒక్క ఏర్పాటుతో మూడొందల మంది అతిథులు ఖర్చు లేకుండా వచ్చేస్తారు.

పాత్రలు ఆరు: హీరో, పెళ్లికూతురు, పెళ్లికొడుకు, అతని తండ్రి, ఆమె తల్లి, ఫొటోగ్రాఫర్. ఇంకా తగ్గించగలిగితే తగ్గించండి. విడాకులు తీసుకున్న జంట కొత్త భాగస్వాములతో హనీమూన్‌కొచ్చి పక్కపక్క బాల్కనీల్లో ఎదురుపడే కామెడీ ఒకటి ఇంగ్లిష్ నాటకకర్త నోయెల్ కవర్డ్ రాశాడు. 1930లో మొదటిసారి వేదికెక్కిన ఆ మూడంకాల నాటకం మొత్తానికి ఐదే పాత్రలు, అందులో ఒకటి పనిమనిషి. ఎక్స్‌ల కథకి జనం అక్కర్లేదు, తప్పించుకోవడానికి చోటు లేకపోతే చాలు.

కాలం కూడా తెగకూడదు. తెర లేచిన దగ్గర్నుంచి పడేదాకా ఒకే సాయంత్రం, ఒకే గది. మధ్యలో లైట్లార్పి "గంట తర్వాత" అంటే ఆ గంటలో హీరో ఇంటికెళ్లి ఉండొచ్చు కదా అని ప్రేక్షకుడికి అనిపిస్తుంది.

నాలుగో అడుగు: అబద్ధాల నిచ్చెన

ఈ అడుగు దగ్గర ఎంతసేపు కూర్చున్నా నష్టం లేదు. కథ లోపలి యంత్రం ఇదే. నవ్వు గురించి ఫ్రెంచ్ తత్వవేత్త బెర్గ్‌సన్ 1900లో ఒక పుస్తకం వేశాడు. అందులో కొండ మీంచి దొర్లే మంచుముద్ద పోలిక ఒకటుంది. చిన్నగా మొదలై, దొర్లేకొద్దీ పెద్దదై, చివరికి ఎవరూ ఆపలేనంత అవుతుంది. మన మంచుముద్ద ఒక చిన్న మాట.

హీరో గిఫ్టుల గుట్ట ముందు వంగి ఎర్ర పెట్టెలు ఊపి చూస్తున్నాడు. పెళ్లికూతురు వచ్చింది. ఇద్దరూ గుసగుసలాడుతుండగా పెళ్లికొడుకు తలుపు తోసుకుని వచ్చాడు.

*పెళ్లికొడుకు: (నవ్వుతూ) ఎవరు వీరు?*

*పెళ్లికూతురు: ఈయన... ఈయన మా అన్నయ్య లాంటివారు.*

*పెళ్లికొడుకు: అన్నయ్యా! ఇన్నాళ్లూ చెప్పలేదే! అయితే నాకు బావగారన్నమాట.*

*హీరో: లేదండీ, లాంటివాణ్ణే.*

*పెళ్లికొడుకు: లాంటి ఏంటి బావగారూ, ఇవాళ్టికి మీరే అన్నయ్య. (హాలు తలుపు తెరిచి) నాన్నా! పెళ్లికూతురి అన్నయ్య వచ్చారు!*

తెలుగులో రాసేవాళ్లకి ఉన్న అదృష్టం ఇది. మన భాషలో పరిచయం చేస్తే చాలదు, వరస కలపాలి. ఒక వరస కలిపితే దాని వెనకాల పది వరసలు వచ్చి పడతాయి. కథలో ఆడా మగా తిరగేసి, మాజీ ప్రియురాలే పెళ్లికి వచ్చినట్టు రాస్తే, పెళ్లికొడుకు "అక్క లాంటిది" అంటాడు, పెళ్లికూతురు వెంటనే "వదినగారూ" అంటుంది. అది ఇంకా ప్రమాదం.

ఇక్కడి నుంచి ప్రతి మెట్టుకీ ఒకే సూత్రం. కొత్త అబద్ధం పాత ఇబ్బందిని ఒక్క నిమిషం పాటు తీర్చాలి, ఆ నిమిషం కాగానే అంతకన్నా పెద్ద ఇబ్బంది తేవాలి. పెళ్లికొడుకు తండ్రి వచ్చాడు. అమ్మాయి తరఫున బాధ్యతగా మాట్లాడే మగదిక్కు లేదని పొద్దుట్నుంచీ ఉడికిపోతున్నాడు. కుర్చీలు చాలలేదని, ఫ్యాన్లు తిరగడం లేదని అన్నీ హీరోకి ఏకరువు పెట్టాడు. హీరో తప్పించుకోవడానికి "నేను చూసుకుంటానండీ" అన్నాడు. ఆ మాటకి ముచ్చటపడి ఆయన గిఫ్టుల గది తాళం తీసి అతని చేతిలోనే పెట్టాడు. దొంగ చేతికి తాళం. ప్రేక్షకుడు హమ్మయ్య అనుకునేలోపు ఆయన ఒక కుర్చీ లాక్కుని అక్కడే కూర్చోవాలి: "మీరొక్కరే ఏం కాపలా కాస్తారు, నేనూ ఉంటాను."

తర్వాత పెళ్లికూతురి తల్లి రావాలి. ఈ ప్రవేశం కోసమే ముందున్న పేజీలన్నీ. పెళ్లికొడుకు తండ్రి లేచి నిలబడి "మీ అబ్బాయి వచ్చాడండీ, చాలా బుద్ధిమంతుడు" అంటాడు. ఆవిడ హీరోని పైనుంచి కిందికి చూస్తుంది. ఎవరో గుర్తుపడుతుంది. హాలు తలుపులోంచి పెళ్లి సందడి వినిపిస్తుంది. అప్పుడు నెమ్మదిగా అంటుంది: "అవునండీ. నాకూ ఇప్పుడే తెలిసింది."

ఆ మాటకి ముందు మూడు సెకన్ల మౌనం ఉండాలి. రిహార్సల్‌లో ఆ మూడు సెకన్లు అందరికీ మూడు నిమిషాల్లా అనిపించి, నటి తొందరపడుతుంది. తొందరపడనివ్వకండి.

పది నిమిషాలకని వచ్చినవాడు ఇలా మెట్టు మెట్టూ ఎక్కి పెళ్లి మొత్తం నడిపించే స్థితికి చేరాలి. నిచ్చెనకి ఐదారు మెట్లు చాలు. ఎనిమిదో మెట్టు రాస్తున్నారంటే రెండు మెట్లు ఒకేలా ఉన్నాయని అర్థం, ఒకటి తీసెయ్యండి.

ఫొటోగ్రాఫర్ని మర్చిపోవద్దు. అతను మూడుసార్లు రావాలి, మూడుసార్లూ ఒకే మాట: "సార్, మీరు నవ్వట్లేదు." మొదటిసారి హీరో పెదాలు సాగదీస్తాడు. రెండోసారి భయం పుట్టేలా నవ్వుతాడు. మూడోసారి సంగతి కింద చెబుతాను.

ఐదో అడుగు: మాటలు చెక్కడం

నవ్వించే ముక్క వాక్యం చివర ఉండాలనేది అన్ని భాషల్లోనూ ఉన్న మాటే. తెలుగులో దీనికో చిక్కుంది. మన వాక్యం సాధారణంగా క్రియతో ముగుస్తుంది. పేలాల్సిన మాట మధ్యలో ఇరుక్కుపోయి, దాని మీద "పట్టింది", "అనుకున్నాను", "కదండీ" వచ్చి కూర్చుంటాయి. ప్రేక్షకుడు నవ్వబోయేసరికి నటుడు ఇంకా మాట్లాడుతూ ఉంటాడు.

ఉదాహరణకి నేను మొదట రాసుకున్నది ఇలా ఉంది:

*హీరో: నిన్ను మర్చిపోవడానికి నాకు పదకొండు నిమిషాలే పట్టింది తెలుసా.*

*పెళ్లికూతురు: పదకొండు నిమిషాలని నువ్వు లెక్కపెట్టుకున్నావన్నమాట.*

అర్థం ఉంది, నవ్వు లేదు. తిరగేస్తే:

*హీరో: నిన్ను మర్చిపోవడానికి నాకు ఎంతసేపు పట్టిందో తెలుసా? పదకొండు నిమిషాలు.*

*(మౌనం)*

*పెళ్లికూతురు: లెక్కపెట్టావా?*

అదృష్టం కొద్దీ తెలుగు వాక్యం మనం వంచినట్టు వంగుతుంది. ప్రశ్న వేసి జవాబు విడిగా పెట్టొచ్చు, క్రియని ముందుకి లాగొచ్చు. ఆమె జవాబు ఒక్క మాటకి ఎలా కుదించుకుపోయిందో చూడండి. పదకొండుకి బదులు పది అని రాసి చదవండి, సగం నవ్వు పోతుంది. పది అనేది నోటికొచ్చిన అంకె, పదకొండు గడియారం చూసుకున్నవాడి అంకె.

రెండో ఆయుధం నువ్వు, మీరు. నలుగురిలో వీళ్లిద్దరూ ఒకరినొకరు "మీరు" అనుకోవాలి, ఎవరూ లేనప్పుడు "నువ్వు". నాటిక మొత్తంలో ఒకే ఒక్కసారి, అందరి ముందూ, హీరో నోరు జారి "నువ్వు కూర్చో, నీకు కాళ్లు నొప్పి కదా" అనాలి. తర్వాత వివరణ ఏమీ రాయకండి. గదిలో ఉన్న నలుగురూ అతని వైపు తల తిప్పితే చాలు. ఈ జారుడు రెండోసారి వాడితే మొదటిదాని విలువా పోతుంది.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునే తరహా డైలాగులు కూడా దండిగా పండుతాయి. ఎవరో "ఉత్తరం వైపు గాలి బాగా వస్తోంది" అంటే, "ఉత్తరాలా? ఏ ఉత్తరాలు?" అని హీరో ఉలిక్కిపడటం లాంటివి. ఇలాంటి శ్లేషలు రాయడం తేలిక కనుక చేతికి అడ్డూ అదుపూ ఉండదు. నాటికకి రెండు. మూడోది మీకు ఎంత నచ్చినా కొట్టెయ్యండి.

ఆరో అడుగు: ఒక్క చోట నవ్వు ఆపండి

ముక్కాలు కథ అయ్యాక పెళ్లికూతురు, హీరో గదిలో ఒంటరిగా మిగలాలి. రెండు నిమిషాలు. జోకులు వద్దు. ఎందుకు విడిపోయారో ఇక్కడే తెలియాలి, ఆ కారణం చిన్నదై ఉండాలి. కులం, డబ్బు, విలన్ నాన్న లాంటి పెద్ద కారణాలు తెస్తే ఇంకో నాటకం మొదలవుతుంది. మన కథలో కారణం ఒకటే: అతను దేనికీ టైమ్‌కి రాడు. పుట్టినరోజులకి, ఆసుపత్రికి, ఆమె వాళ్లింట్లో మాట్లాడమని పిలిచిన రోజుకి, అన్నింటికీ "వస్తున్నా, దారిలో ఉన్నా".

*పెళ్లికూతురు: ఇవాళ ఎన్నింటికి వచ్చావు?*

*హీరో: ఆరింటికి. కార్డులో ఆరని ఉంది కదా.*

*పెళ్లికూతురు: నాలుగేళ్లలో నువ్వు టైమ్‌కి రావడం ఇదే మొదటిసారి.*

ఇంతే. ఆమె వెళ్లిపోతుంది. అతను ఒక్కడే నిలబడి ముందు ఊరకే, తర్వాత ఆపుకోలేక నవ్వాలి. అదే అపహసితం. సరిగ్గా అప్పుడు ఫొటోగ్రాఫర్ మూడోసారి వచ్చి, ఎట్టకేలకు నవ్వుతున్న ముఖం దొరికిందని సంబరంగా కెమెరా ఎత్తి, "సార్, మెమరీ కార్డు నిండిపోయింది" అంటాడు.

ఏడో అడుగు: బయటపడటం

ముగింపుల్లో సులువైనది పెట్టె అందరి ముందూ పగిలి ఉత్తరాలు చెల్లాచెదురవడం. కంటికి బాగుంటుంది, కానీ దాని తర్వాత పెళ్లికూతురి పరువు గురించి ఇరవై నిమిషాలు మాట్లాడాలి. నాకు నచ్చిన దారి వేరు. పెళ్లికొడుకే ఎర్ర పెట్టె తెచ్చి, కాగితం చినగకుండా, హీరో చేతిలో పెడతాడు: "బావగారూ, ఇది పొరపాటున గిఫ్టుల్లో కలిసినట్టుంది." హీరో నోట మాట రాదు. పెళ్లికొడుకు కొనసాగిస్తాడు: "మీరు అన్నయ్య కాదని నాకు తెలియడానికి ఎంతసేపు పట్టిందో తెలుసా? పదకొండు నిమిషాలు."

*హీరో: లెక్కపెట్టారా?*

ఇది పండాలంటే ముందు పదకొండు నిమిషాల మాట నడుస్తున్నప్పుడు హాలు తలుపు కొద్దిగా తెరుచుకొని ఉండాలి, పెళ్లికొడుకు చెయ్యి దాని మీద ప్రేక్షకుడికి ఒక్క క్షణం కనబడాలి. ఈ మాటతో నాటిక అయిపోయింది. ఆ తర్వాత ఎవరూ ఎవరికీ ప్రేమ గురించి చెప్పనక్కర్లేదు.

ఎనిమిదో అడుగు: తలుపులు, పెట్టెలు, శబ్దం

రాతప్రతి చేతికొచ్చాక అందరి ధ్యాసా కాస్ట్యూమ్స్ మీదికి పోతుంది. నా లెక్కలో మొదటి ఖర్చు తలుపుల మీద పెట్టాలి. తలుపు వేదిక మీదికి తెరుచుకుంటే లోపలికొచ్చే నటుణ్ణి రెక్కే కప్పేస్తుంది. పక్క గోడల్లోని తలుపులు వింగ్ వైపు, అంటే ప్రేక్షకులకి కనబడని వేదిక పక్కభాగం వైపు తెరుచుకోవాలి, కీళ్లు ప్రేక్షకుడికి దూరంగా ఉండే వైపు ఉండాలి. అప్పుడు నటుడి ముఖం ముందు కనబడుతుంది, వింగ్‌లో టీ తాగుతున్నవాళ్లు కనబడరు. ఫ్లాట్ (గోడగా నిలబెట్టే సెట్టు పలక) వెనక ఊతకర్ర కట్టి దాని మీద బరువు పెట్టండి. లేకపోతే తలుపు గట్టిగా వేసినప్పుడల్లా గోడ ఊగుతుంది. ఊగిన గోడకి వచ్చే నవ్వు మీది కాదు.

పెట్టెల విషయంలో మేమొకసారి దెబ్బతిన్నాం. మూడూ ఒకే కాగితం, ఒకే సైజు. ప్రేక్షకులు పోల్చుకోకూడదని ఎంత జాగ్రత్తపడ్డామంటే, మేం కూడా పోల్చుకోలేకపోయాం. ఉత్తరాల పెట్టె అనుకొని ఖాళీ పెట్టె పట్టుకొచ్చిన నటుడు, ఎదుటి నటుడు "తెరిచి చూడు" అనగానే అలాగే నిలబడిపోయాడు. చివరికి "ఇందులో ఏం లేదు, ఎప్పుడూ ఏం లేదు" అని ఏదో తత్వం చెప్పి బయటపడ్డాడు. ఆ రోజు ఆ మాటకే ఎక్కువ చప్పట్లు వచ్చాయనుకోండి, అది వేరే సంగతి. అప్పట్నుంచీ పెట్టెల అడుగున తెల్ల టేప్‌తో ఒకటి, రెండు, మూడు అని రాస్తున్నాను. ఏ రంగంలో ఏ పెట్టె ఏ తలుపు వెనక ఉండాలో కాగితం మీద రాసి వింగ్‌లో అంటించండి, దాన్ని చూసుకోవడానికి ఒకే మనిషిని పెట్టండి.

పెళ్లి శబ్దం నాటిక పొడవునా నడుస్తుంది కనుక అది డైలాగ్‌ని మింగకుండా చూడాలి. తలుపు తెరిచినప్పుడు వినబడితే చాలు, మూసిన రెండు క్షణాలకి దాదాపు లేనట్టే ఉండాలి. సౌండ్ చూసే మనిషి స్క్రిప్టు ముందు పెట్టుకొని తలుపుల్ని కళ్లతో చూస్తూ నడపాలి, అంచనా మీద కాదు.

తొమ్మిదో అడుగు: రిహార్సల్స్

మొదటి వారం కూర్చుని చదవడమే. చదువుతున్నప్పుడు నటులే పగలబడి నవ్వే చోట్లు గుర్తు పెట్టుకోండి, మూడో వారానికి వాళ్లకి అక్కడ నవ్వు చచ్చిపోతుంది. అప్పుడు దాన్ని లేపాలని ముఖాలు వంకర్లు తిప్పడం, గొంతు పెంచడం మొదలుపెడతారు. ఆపండి. పిల్లిని చంకలో పెట్టుకున్నవాడికి అది నవ్వులాట కాదు. హీరో వేషం వేసినవాడు ఈ పెట్టె దొరక్కపోతే తన బతుకైపోయినట్టు ఆడాలి, పరమ సీరియస్‌గా.

రెండో వారం కదలికలు. ఒకటే గుర్తుంచుకోవాలి: పేలాల్సిన మాట దగ్గర ఎవరూ కదలకూడదు. చెప్పేవాడూ, వినేవాడూ, వెనక గిఫ్టులు సర్దేవాడూ. నడుస్తూ జోకు చెబితే చూపు కాళ్ల మీదికి పోతుంది.

ఒక రోజంతా తలుపుల కోసమే కేటాయించండి. డైలాగులు వద్దు, ప్రవేశాలూ నిష్క్రమణలూ మాత్రమే, గడియారం పెట్టుకొని. ఒకరు వెళ్లే తలుపు మూసుకోవడానికీ ఇంకొకరు వచ్చే తలుపు తెరుచుకోవడానికీ మధ్య ఒక్క క్షణం తేడా వస్తే రంగం చప్పబడిపోతుంది.

ఇక నవ్వు కోసం ఆగడం. ఇది రిహార్సల్‌లో పూర్తిగా రాదు, ఎందుకంటే అక్కడ ప్రేక్షకులుండరు. హాలు నవ్వినప్పుడు ఆ నవ్వు పైకెక్కుతుంది, కాసేపు నిలుస్తుంది, దిగడం మొదలవుతుంది. దిగుతున్నప్పుడు తర్వాతి మాట అందుకోవాలి. పూర్తిగా ఆగేదాకా చూస్తే వేగం పోతుంది, ముందే అందుకుంటే మాట వినబడదు. అందుకే పెద్ద నవ్వు వచ్చే చోటు తర్వాతి వాక్యంలో కథకి అవసరమైన సమాచారం ఏదీ పెట్టకండి. నవ్వు వస్తుందనుకున్న చోట రాకపోతే? ఆగిన విషయం తెలియనివ్వకుండా ముందుకి సాగిపోవడమే. నవ్వుల కోసం నటుడు ఎదురుచూస్తున్నట్టు కనబడితే ప్రేక్షకుడు ఇంకా బిగుసుకుపోతాడు.

మొదటి ప్రదర్శనకి ముందు కథ తెలియని ఐదారుగురిని పిలిచి ఒకసారి ఆడి చూపించండి. ఎక్కడ నవ్వారో రాసుకోవద్దు, ఎక్కడ కుర్చీలో సర్దుకున్నారో రాసుకోండి. కత్తెర వెయ్యాల్సింది అక్కడే.

కథ మీ సొంత జీవితంలోదైతే అవతలి మనిషిని ఎవరూ గుర్తుపట్టకుండా వృత్తి, ఊరు, మాటతీరు అన్నీ మార్చండి. వీలైతే ఆడే ముందు వాళ్లకి ఒక మాట చెప్పండి. ప్రదర్శనకి పిలవాలా వద్దా అనేది మీ ఇష్టం. వాళ్లు ఏ గిఫ్ట్ పట్టుకొస్తారో మాత్రం నేను చెప్పలేను.

చివరగా తెర పడి మళ్లీ లేచాక నమస్కారాలుంటాయి కదా. ఐదుగురినీ వరసలో నిలబెట్టండి, హీరో చోటు ఖాళీగా ఉంచండి. చప్పట్లు నిలకడగా మోగుతుండగా అతను ఎర్ర పెట్టె చంకలో పెట్టుకొని బయటి తలుపులోంచి రొప్పుకుంటూ పరుగెత్తుకు రావాలి. పెళ్లికూతురు చేతి గడియారం చూసుకోవాలి.